రెండున్నర కిలోల పచ్చిమిర్చి

తప్పు నాది కాదని ఇప్పటికీ వాదిస్తాను.

తొంభైల చివర్లో రాయ్‌పూర్‌లో, భన్‌పురి వైపు ఒక ఇనుప కడ్డీల ఫ్యాక్టరీలో నేను కంప్యూటర్ అమ్మాయిని. కొన్నాళ్ళు పని చూసి పర్మనెంటు చేస్తామన్నారు. మా నాన్న రైల్వే గార్డు. రైళ్ళ కోసం ఎంతసేపైనా కాచుకునే మనిషికి నా విషయంలో మాత్రం ఓపిక లేకపోయింది. నేను చేరిన వారానికే "మా పిల్ల నౌకరీ పక్కా అయిపోనాది" అంటూ రైల్వే కాలనీ అంతా పేడాలు పంచేశారు. గడువు దగ్గరపడే కొద్దీ ఆ పేడాలు తిన్నవాళ్ళు ఎదురుపడకుండా చుట్టుదారిన ఇంటికి వెళ్ళేదాన్ని.

క్యాంటీన్‌కి రోజూ కావలసిన సరుకుల చీటీ తీయడం నా పనుల్లో ఒకటి. దానికో మ్యాక్రో, అంటే లెక్కలు చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం, రాశాను. ఎంతమంది తింటారో చెబితే చాలు, ఏది ఎన్ని కిలోలో అదే లెక్క కట్టేది. స్టోరు వాళ్ళకు అంకెల్లో కామాలు పెట్టడమంటే మహా సరదా. వేలకీ లక్షలకీ ఎక్కడపడితే అక్కడ పెట్టేవారు, మ్యాక్రో బెంబేలెత్తి ఆగిపోయేది. విసుగొచ్చి, కనబడిన ప్రతి కామానీ పీకి పారేయమని అందులో ఒక లైను రాసి పడేశాను. అప్పట్నుంచి పేచీ లేదు.

ఇంతలో కొత్త యంత్రం బిగించడానికి విదేశీ ఇంజనీరు వచ్చాడు. మంచి మనిషే. కాకపోతే ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ ముందు, అంటే నా కుర్చీలో, కూర్చుని తన యంత్రం లెక్కల కోసం సెట్టింగులన్నీ వాళ్ళ దేశం పద్ధతికి మార్చేశాడు. ఆ మాట నాతో ఒక్క ముక్క అనలేదు. వాళ్ళ దేశంలో దశాంశానికి చుక్క పెట్టరు, కామా పెడతారు.

యంత్రం ప్రారంభం రోజున అందరికీ క్యాంటీన్‌లోనే భోజనం. బియ్యం, పప్పు, టమాటాలు, ఉప్పు అన్నీ నిండు కిలోల్లోనే తేలాయి. పచ్చిమిర్చి ఒక్కటే రెండున్నర. కంప్యూటర్ దాన్ని రెండు, కామా, అయిదు అనుకుంది. నా మ్యాక్రో చెప్పిన పని చెప్పినట్టు చేసి ఆ కామాను పీకేసింది. చీటీ మీద ఇరవై అయిదు కిలోలు పడింది.

వంటాయన పక్కనున్న ఆరంగ్ ఊరి మనిషి. చీటీలో ఉన్న మిర్చి అంతా టమాటా చట్నీలో నూరి పెట్టాడు. మొదటి ముద్దకే మేనేజరు మంచినీళ్ళ జగ్గు ఎత్తి పట్టుకున్నాడు. ఇంజనీరు ముక్కు టమాటా అయింది. బీర్‌గావ్ నుంచి వచ్చే కార్మికులు మాత్రం కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నారు.

"ఇంత మిర్చి ఎందుకు నూరావయ్యా?" అని మేనేజరు అరిచాడు.

వంటాయన నావైపు జాలిగా చూశాడు. వాళ్ళ వైపు ఆడపిల్లను నోని అంటారు. "చీటీ ఈ నోని ఇచ్చింది సాబ్. తెలుగు పిల్ల కదా, వాళ్ళిళ్ళల్లో ఇంతే వేస్తారేమో అనుకున్నా."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఇంట్లో మిర్చి అంటే నాన్నకు ఎక్కిళ్ళు.

"రేపట్నుంచి చీటీలు చేత్తోనే రాసుకుంటాం. కంప్యూటర్ అమ్మాయి అక్కర్లేదు" అన్నాడు మేనేజరు, దగ్గుల మధ్య.

ఏడుపు ఆపుకుంటూ కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాను. వెనకే మేనేజరు, ఆయన వెనక ముక్కు తుడుచుకుంటూ ఇంజనీరు. తెరమీద మిర్చి గడిలో 2,5 అని ఉంది. ఇంజనీరు తొంగిచూసి, "రెండున్నర. సరిగ్గానే ఉందిగా?" అన్నాడు.

ఆ కామా అప్పుడు కనబడింది నాకు. దొంగను పట్టుకున్నంత సంతోషం వేసింది. కామాలు పీకే ముందు "నీ దశాంశం గుర్తు ఏది?" అని కంప్యూటర్‌నే అడిగి, దాన్ని వదిలేసి మిగతావి పీకేలా మ్యాక్రో మార్చాను. సెట్టింగులు ఒకసారి వాళ్ళ పద్ధతిలో, ఒకసారి మన పద్ధతిలో పెట్టి చూపించాను. రెండుసార్లూ రెండున్నరే వచ్చింది. మేనేజరు తెర మీదికి వంగి చూసి, "రేపటి చీటీ కూడా తియ్" అన్నాడు.

ఆ నెలలోనే పర్మనెంటు చేశారు. నాన్న మళ్ళీ పేడాలు తెచ్చారు, ఈసారి ఎందుకని కాలనీవాళ్ళు అడిగితే ఏం చెప్పారో తెలియదు.

నేను మాత్రం చీటీ పట్టుకుని క్యాంటీన్‌కి వెళ్ళాను. వంటాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నోని, ఈ మిర్చి మిషన్ చెప్పిందా, మీ అమ్మ చెప్పిందా?" అని అడిగాడు. అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ మాట అడక్కుండా ఆయన ఒక్క మిరపకాయ కూడా నూరలేదు.