మూత తీసేవాడి కోసం

బండికి పెట్రోలు పోయించుకునేటప్పుడు అందరూ ముక్కు పక్కకు తిప్పుకుంటారు. నేను మాత్రం ఇంకో నిమిషం నిలబడి పీలుస్తాను. మొన్న మార్కాపురం బంకులో అట్లా నిలబడితే, వెనక ఆటోవాడు హారను కొట్టి కొట్టి, చివరికి దిగొచ్చి "ఏంది పెద్దాయనా, ఒంట్లో బాగలేదా?" అని అడిగాడు. వాడికి ఏం చెప్పమంటారు? ఆచారి మామ వాచీల చక్రాలన్నీ పెట్రోలు గిన్నెలో కడిగేవాడు. ఆ వాసన తగిలితే ఆయనే గుర్తొస్తాడు. గుర్తొచ్చిన ప్రతిసారీ ముందు ఒళ్లు మండుతుంది, దిగులు తర్వాత వస్తుంది.

ఆయన నాకు చుట్టమేమీ కాదు. బస్టాండు దగ్గర మంచమంత దుకాణంలో జీవితమంతా వాచీలు బాగుచేసిన మనిషి. నేనేమో పలకల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర ఉండేవాణ్ణి. ఇరవై ఎనిమిదేళ్లకే దగ్గు పట్టుకుంది. ఆ దుమ్ములోనే ఉంటే బతకవని డాక్టరు తేల్చేశాడు. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు. పని నేర్పమని మామ కాళ్లావేళ్లా పడ్డాను. ఒప్పుకున్నాడు గానీ, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీ ఒంటి మీద దుమ్ము చాల్రా, ఊళ్లో వాచీలన్నీ ఆగిపోయేదానికి" అన్నాడు. మూడు నెలలు వాచీ ముట్టనియ్యలేదు. స్నానం చేసి వచ్చినా గోళ్లు చూపించమనేవాడు, చొక్కా దులుపుకొని రమ్మని మళ్లీ బయటికి పంపేవాడు. నా పెళ్లిచూపులకు కూడా నేను అంత శుభ్రంగా పోలేదు.

పని చేతికి వచ్చాక ఇంకో బాధ. చక్రాల పైభాగం తుడిస్తే చాలదు, ఎవరికీ కనపడని అడుగువైపు కూడా మెరవాలి. ఎవరు చూస్తారు మామా అంటే, నీ తర్వాత ఈ వాచీ బాగుచేయడానికి మూత తీసేవాడు చూస్తాడనేవాడు. ఆ మూత తీసేవాడు ఎవడో, ఏ ఊళ్లో ఉన్నాడో, అసలు పుట్టాడో లేదో! ఎదురుగా నిలబడ్డ గిరాకీని వదిలేసి మామ వాడికి భయపడేవాడు. రెండు రోజుల్లో ఇస్తామన్న వాచీకి రెండు వారాలు పట్టేది. తిట్లు మాత్రం నేను తినేవాణ్ణి.

రెండో ఏడు ఆయన గిద్దలూరులో ఎవరిదో పెళ్లికి పోయాడు. అంతకుముందే త్రిపురాంతకం నుంచి ఒక ముసలమ్మ, చనిపోయిన భర్త వాచీ తెచ్చి ఇచ్చింది. పాతకాలపు కీ వాచీ. ఒక్కణ్ణే చేసి మామకు చూపిద్దామని విప్పాను. పట్టకారు జారింది. లోపల అటూ ఇటూ ఊగే చక్రం ఉంటుంది, దాని ఇరుసు వెంట్రుకంత సన్నం. అది పుటుక్కున విరిగింది. ఈ పని పోతే మళ్లీ పలకల దుమ్ములోకే పోవాలి. పాత వాచీల డబ్బాలో అదే రకం మిషను, అంటే లోపలి చక్రాల అమరిక మొత్తం, ఒకటి కనపడితే, దాన్ని ఎక్కించి మూత బిగించేశాను. చక్కగా నడిచింది. సాయంత్రం ముసలమ్మ వచ్చి సంతోషంగా తీసుకుపోయింది.

మరునాడు మామ వచ్చి, డబ్బాలో విరిగిన మిషను చూసి, ఇది ఎక్కడిదని అడిగాడు. అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది. జరిగింది చెప్పేశాను. తిడతాడనుకుంటే, దుకాణం మూసి నన్ను త్రిపురాంతకం బస్సెక్కించాడు. దారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాను, వాచీ నడుస్తోంది గదా, ఆమెకేం తెలుస్తుందని. చివరికి విసుగొచ్చి నోరు తెరిచాడు. "రేపు ఎవడో మూత తీస్తాడు. ఒక మనిషి వాచీలో ఇంకోడి మిషను చూస్తాడు. మార్కాపురంలో దొంగలున్నారనుకుంటాడు."

ముసలమ్మ మేకలకు ఆకుల మండలు వేస్తోంది. తల వంచుకుని అంతా చెప్పాను. విని, ఇప్పుడు నడుస్తా ఉందా లేదా అని అడిగింది. నడుస్తోందన్నాను.

"మరి ఇంత ఎండలో ఎందుకొచ్చినారు నాయనా?"

విన్నావా అన్నట్టు మామ వైపు చూశాను. ఆయన చలిస్తేనా! వాచీ అడిగి వెనక్కి తీసుకున్నాడు. కొత్త ఇరుసు నా చేతనే చేయించాడు, లోహాన్ని చెక్కే చిన్న లేతు మీద. ఐదు చేస్తే ఐదూ పారేశాడు. ఆరోది నేనే విసిరికొట్టి ఇంటికి పోయాను. పొద్దున్నే సిగ్గులేకుండా మళ్లీ వచ్చి కూర్చున్నాను, వేరే దారి లేక. ఏడోదాన్ని చూసి, "ఏడ్చినట్టుంది, బిగించు" అన్నాడు. ఆమె భర్త మిషను ఆమె భర్త వాచీలోకి చేరింది. నేనే పోయి ఇచ్చి వచ్చాను.

చివరి ఏళ్లలో ఆయన చేతులు వణికేవి. పని నాకు వదిలేసి, పక్కన స్టూలు మీద కూర్చుని పొద్దస్తమానం నసపెట్టేవాడు. ఒకరోజు నేను ముగించిన వాచీ తీసుకుని, మూత తీసి, భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. మూత పెట్టి వాచీని నా ముందుకు తోశాడు.

"ఏమన్నా అను మామా," అన్నాను.

"టీ చెప్పు," అన్నాడు.

ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవన్నీ బ్యాటరీ వాచీలు, ఇంకోసారి ఆగితే పారేసేవి. నా తర్వాత వాటి మూత ఎవడూ తీయడని నాకు తెలుసు. అయినా ఆయన్ని తిట్టుకుంటూ అడుగువైపు తుడుస్తూనే ఉంటాను. బిగించబోయే ముందు చెయ్యి కాసేపు ఆగుతుంది, పక్కనుంచి ఏదో ఒక వంక వినపడుతుందని. వంక పెట్టేవాడు లేకపోవడం ఇంత కష్టంగా ఉంటుందని ఆయన ఒక్కనాడూ చెప్పలేదు.