పద్నాలుగో ఛానల్లో మూడు కేకలు

భీమమ్మకు జీపు నడపడం రాదు. కానీ కొండగుడి దారిలో ఏ జీపు ఏ మలుపు దగ్గరుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఆత్మకూరు దాటాక అడవి మొదట్లో ఉన్న జీపుల స్టాండులో, రేకుల షెడ్డు కింద, రేడియో సెట్టు ముందు ఆమె కూర్చునేది. ఫోను సిగ్నలు అందని ఆ రాళ్లదారిలో జీపులకు ఆ సెట్లే దిక్కు. మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. నలభై ఛానళ్లలో పద్నాలుగోది స్టాండుది.

కొండ సగంలో ఇరుకుదోవ ఉంది. ఒకపక్క బండ, ఒకపక్క లోయ. రెండు జీపులు పట్టవు. అందులోకి పోయే ముందు పద్నాలుగులో మూడుసార్లు కేకేయాలి. ఎవరూ పలక్కపోతే దారి ఖాళీ అని లెక్క.

భీమమ్మ ఇంకా సెట్టు దగ్గరికి రాని రోజుల్లో, జీపు తోలే ఆమె మొగుడు ఉరుకుందప్ప ఒకరోజు కేకేసే దిగాడు. ఎవరూ పలకలేదు. సగం దిగేసరికి వెంకటేశ్వర్లు జీపు ఎదురొచ్చింది. గుద్దుకోకుండా ఉరుకుందప్ప పక్కకు తిప్పాడు. జీపు లోయలోకి దొర్లి అతని నడుం విరిగింది.

"నేను పద్నాలుగులోనే ఉంటి దాసన్నా, నా బిడ్డల మీద ఒట్టు. ఉరుకుందన్న కేకే ఎయ్యల్యా," అన్నాడు వెంకటేశ్వర్లు. ఆ పూట షెడ్డులో సెట్టుకు బ్యాటరీ దిగిపోయింది, సాక్ష్యం లేదు. స్టాండు పెద్ద దాసన్న ఒట్టును నమ్మాడు. తప్పు ఉరుకుందప్పదేనని తేల్చి, జాలిపడి భీమమ్మను సెట్టు దగ్గర కూర్చోబెట్టాడు.

ఆ జాలి ఆమెకు గొంతు దిగలేదు. వెంకటేశ్వర్లు మాత్రం, "మా అన్నకెట్లుండాది వదినా?" అంటూ అరటిపళ్లు తెచ్చిచ్చేవాడు. ఆమె తలొంచుకుని తీసుకునేది. ఇంటికి పోయి కొట్టంలోని ఎనుముకు వేసేది.

ఒకనాడు సెట్టు మీద దుమ్ము తుడుస్తూ ఎవరూ ముట్టుకోని స్కాన్ మీట నొక్కింది. అంకెలు వాటంతటవే పరుగెత్తి ముప్పై ఒకటి దగ్గర ఆగాయి. వెంకటేశ్వర్లు నవ్వు వినిపించింది. కింద తారురోడ్డు మీద టిప్పరు తోలే బావమరిదితో ముచ్చట్లు.

"ఇరుకుదోవ ఎక్కుతాండాలే. నువ్వు చెప్పు, ఆపొద్దు. లేకుంటే నిద్దరొస్తాది."

ఇరుకుదోవలో అతను పద్నాలుగులో ఉండడని భీమమ్మకు తెలిసిపోయింది. అయినా ఎవరికీ చెప్పలేదు. చెబితే అతను మళ్లీ బిడ్డల మీద ఒట్టేస్తాడు. అతను కొండెక్కిన ప్రతిసారీ ఆ మీట నొక్కింది. ప్రతిసారీ ముప్పై ఒకటే.

అమావాస్య నాడు స్టాండులో ఉన్న డ్రైవర్లంతా షెడ్డు కింద సద్దులు విప్పారు. పైనున్న భక్తులను దించడానికి వెంకటేశ్వర్లు ఖాళీ జీపుతో బయలుదేరాడు. "నేను చెప్పేదాకా ఎవరూ దిగొద్దండప్పా," అని భీమమ్మ కొండ మీదున్న డ్రైవర్లను సెట్టులో ఆపింది. తర్వాత సౌండు బాగా పెంచింది.

"దాసన్నా, ఇట్ల రా."

"ఏంది భీమా, తిననియ్యవా?"

"ఇను."

ఆమె పద్నాలుగులోనే మీట నొక్కింది. "ఇరుకుదోవలో దిగుతాండా. కింద ఎవరన్నా ఉండారా?" మూడుసార్లు అడిగింది. గరగర తప్ప జవాబు లేదు.

"దారి ఖాళీనే గదా దాసన్నా?"

"యాడ ఖాళీ? వాడిప్పుడే గదా ఎక్కె!"

ఆమె ముప్పై ఒకటికి తిప్పింది. షెడ్డంతా వెంకటేశ్వర్లు నవ్వు నిండింది. ముద్ద పట్టుకున్న చేతులు అట్లాగే ఆగిపోయాయి.

భీమమ్మ మళ్లీ మీట నొక్కింది. "ఉరుకుందప్ప కేకేస్తాండాడు వెంకటేశ్వర్లూ. పలకవేమప్పా?"

నవ్వు తెగిపోయింది. "వదినా... నువ్వు ఈ ఛానల్లో..."

"అందరం ఉండాం. దిగిరా."

దిగొచ్చి అతను ఆమె కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "స్టాండులోంచి తీసేస్తే నా బిడ్డలు ఏం తింటారు వదినా?"

"ఒట్టేసేటప్పుడు గుర్తు రాలేదా ఆ బిడ్డలు?"

దాసన్న అతని జీపులోంచి సెట్టు ఊడదీయించాడు. సాయంత్రం భీమమ్మ వెంట ఇంటికొచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"తప్పైపోయింది ఉరుకుందా."

ఉరుకుందప్ప ఏదో అనబోయాడు. భీమమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మూడుసార్లు చెప్పు దాసన్నా. ఈయన మూడుసార్లు కేకేసినాడు."

దాసన్న తలపాగా తీసి చేతిలో పట్టుకుని రెండోసారి చెప్పడం మొదలుపెట్టాడు.