డాలోనెగాలో మదిరాన్ కలిపిన శనివారం

గత ఫిబ్రవరిలో వచ్చిన జ్వరం మా ఆవిడ పద్మ ముక్కును పట్టుకుపోయింది. జ్వరం వారంలో తగ్గింది, జలుబూ తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. రావచ్చు, రాకపోనూవచ్చు, ఓపిక పట్టండి అన్నారు డాక్టర్. ఇంకొకరికైతే ఓపికతో సరిపోయేదే. పద్మ అమెరికాలో మా కమ్మింగ్ ఊరి దగ్గరి గుళ్లో ఎనిమిదేళ్లుగా శనివారం పులిహోర చేసే మనిషి. నైవేద్యం స్వామికి పెట్టేదాకా రుచి చూడకూడదు కదా. ఉప్పు ఆమె చేతికి తెలుసు. చింతపండు పులుసు పచ్చివాసన పోయిందా, పోపు మాడకుండా వేగిందా అన్నది మాత్రం ముక్కుతోనే తేల్చుకోవాలి. మార్చిలో ఒక శనివారం ఆమె నన్ను గుడి వంటింట్లోకి పిలిచి, "ఏవండీ, వాసన ఎలా ఉంది?" అని అడిగింది. పులుసు ఇంకా పచ్చిగానే ఉంది. ఆమె మొహం చూసి "బాగుంది" అనేశాను. ప్రసాదం తిన్నవాళ్లు ఒక్కరూ ఏమీ అనలేదు, కానీ చెత్తబుట్టలో సగం తిని పడేసిన కప్పులు కనబడ్డాయి. ఇంటికొచ్చాక అడిగితే, నాకూ ముక్కు పట్టేసింది, తెలియలేదు అని తప్పించుకున్నాను. మరుసటి వారం పద్మ గరిట ఇంకొకరికి ఇచ్చేసి కరివేపాకు కడగడానికి కూర్చుంది. వేసవి వచ్చేసరికి అదీ మానేసింది.

అలా ఖాళీ అయిన శనివారాల్లో ఒకటి ఈ ప్రయాణం. నాకు వైన్ అంటే కాస్త సరదా. ఫ్రాన్స్ నైరుతి మూలన, కొండల కింద మదిరాన్ అనే ప్రాంతం ఉంది. అక్కడి ఎర్ర వైన్‌లో ముఖ్యమైనది టన్నా అనే ద్రాక్ష. అది నేరేడు పండంత నల్లన, నేరేడు పండంత వగరు. ఒక్కదాన్నే తాగడం కష్టమని, మెత్తబడటానికి కాబెర్నే ఫ్రాంక్ లాంటి వేరే ద్రాక్షలు కలుపుతారు. ఈ రెండు రకాలనూ మాకు ముప్పావుగంట దూరంలో, జార్జియా కొండల్లో డాలోనెగా అనే ఊరి దగ్గరే పండిస్తున్నారని, శనివారాలు వచ్చినవాళ్ల చేతే వైన్ కలిపిస్తారని చదివాను. పద్మ మందు ముట్టదు. "పేరులోనే మదిర పెట్టుకున్నారా వాళ్లు" అని నవ్వి, "సరే బుక్ చేయండి. మీరు తాగండి, రిటర్న్‌లో నేను డ్రైవ్ చేస్తాను" అంది. ఇన్ని నెలల తర్వాత ఇల్లు కదలడానికి ఒప్పుకుంది, నాకు అదే చాలు.

అక్టోబర్ రెండో శనివారం తొమ్మిదిన్నరకు బయలుదేరాం. కమ్మింగ్ నుంచి 400 నంబరు హైవే మీద ఉత్తరానికి పోతే, అది అయిపోయే చోట ఎడమకు 60వ నంబరు రోడ్డు, అక్కడి నుంచి పది నిమిషాల్లో డాలోనెగా. ఆకులు ఎర్రబడే కాలం కాబట్టి పదిన్నర దాటితే ఊళ్లో కారు పెట్టడానికి చోటు దొరకదు. దారిలో ఒక ముసలావిడ పెద్ద గిన్నెలో వేరుశనక్కాయలు ఉడకబెట్టి అమ్ముతోంది, సంచి ఆరు డాలర్లు. "కారం వేసినవా, మామూలువా?" అని అడిగింది. పద్మ మామూలువే తీసుకుంది. కారులో నాలుగు కాయలు ఒలుచుకుని తిని, "ఉప్పు తెలుస్తోందండీ. మిగతాది గుర్తు చేసుకుని తింటున్నా" అంది. నేను రోడ్డు మీద నుంచి కళ్లు తిప్పలేదు.

ద్రాక్షతోట ఊరికి నాలుగు మైళ్ల అవతల ఉంది. కోతలు అయిపోయి తీగలు ఉత్తగా నిలబడి ఉన్నాయి. పదకొండు గంటలకు మొదలయ్యే బ్లెండింగ్‌కు మనిషికి నలభై ఐదు డాలర్లు, తాగనివాళ్లకు ఇరవై. కలిపిన వైన్‌లో ఒక సీసా మనకు ఇస్తారు. పీపాల గదిలో పొడవాటి బల్ల, దాని మీద జంటకు టన్నా ఒకటి, ఫ్రాంక్ ఒకటి రెండు సీసాలు, కొలత గీతలున్న ఒక కొలగాజు, ఒక కాగితం. యజమాని వాల్ట్‌కు డెబ్బై ఏళ్లు ఉంటాయి. పక్కన ఆయన భార్య జూన్. మా వైన్‌కు మదిరాన్ అని పేరు పెట్టుకోకూడదు, ఆ పేరు ఆ ఊరివాళ్ల సొత్తు, పద్ధతి మాత్రం వాళ్లదే అని మొదలుపెట్టాడు. చెబుతూనే గ్లాసులో కొలిచి పోశాడు కానీ వాసన చూడలేదు. గ్లాసు జూన్ చేతికి ఇచ్చి, "ఏం మారింది?" అని అడిగాడు. ఆమె రెండు మాటలు చెప్పింది. ఆయన ఇంకొంచెం పోసి మళ్లీ అదే ప్రశ్న అడిగాడు.

నేను గమనించే లోపే పద్మ చెయ్యెత్తి, మీరెందుకు వాసన చూడరని ఇంగ్లిష్‌లో నేరుగా అడిగేసింది. ఏదో జబ్బుకు మందులు వాడితే ఐదేళ్ల కింద వాసన పోయిందట. తోట అమ్మేయమన్నారట అందరూ. జూన్ అప్పటిదాకా బడిలో లైబ్రరీ చూసుకునేదట, వైన్ గురించి ఏమీ తెలియదట. "మరి ఆమె మాట ఎలా నమ్ముతారు?" అని పద్మ వదల్లేదు.

"బాగుందా అని అడగను" అన్నాడు వాల్ట్. "అలా అడిగితే ప్రేమ ఉన్నవాళ్లెవరైనా బాగుందనే అంటారు. ఏం మారిందని అడుగుతాను. దానికి జవాబు చెప్పాలంటే నిజంగా వాసన చూడాల్సిందే."

పద్మ నావైపు చూడలేదు. చూడకపోవడమే నాకు ఎక్కువ తగిలింది.

మా వంతు వచ్చాక కొలగాజు ఆమె తీసుకుంది. ఇంట్లో కొలపాత్ర ముట్టని మనిషి, ఇక్కడ గీతకు గీత సరిగ్గా పోసి గ్లాసు నా ముందు పెట్టింది. వాసన చూసి, గుక్క తాగి, అలవాటు ప్రకారం "బాగుంది" అన్నాను. జూన్ ఫక్కున నవ్వింది. పద్మ నవ్వలేదు. "అది కాదు అడిగింది. ఏముంది అందులో?" అంది. మళ్లీ వాసన చూశాను. ఇరవై రెండేళ్ల కాపురంలో దేన్నైనా అంత శ్రద్ధగా వాసన చూడటం అదే మొదలనుకుంటాను. "వగరు. నోరంతా పిడచకట్టుకుపోతోంది" అన్నాను. ఆమె కాబెర్నే ఫ్రాంక్ పెంచింది. "ఇప్పుడు?" వగరు దిగింది, కానీ కొత్తగా ఇంకేదో ఎక్కింది, పచ్చి క్యాప్సికమ్ కోసినప్పటిలా. ఏమనాలో వెతుక్కుని, చివరికి "పచ్చివాసన వస్తోంది" అన్నాను.

పద్మ చెయ్యి ఆగిపోయింది. గ్లాసు పక్కన పెట్టి, ఫ్రాంక్ తగ్గించి, టన్నా పెంచి మళ్లీ కలిపింది. ఆరు గ్లాసులకు కుదిరింది. నూటికి డెబ్బై రెండు టన్నా, మిగతాది ఫ్రాంక్. ఆ అంకెలు కాగితం మీద తనే రాసుకుంది. జూన్ వాసన చూసి తల ఊపింది.

ఊళ్లో సాండ్‌విచ్ తిని రెండున్నరకు బయలుదేరాం. పద్మ డ్రైవ్ చేస్తోంది. 400 ఎక్కాక, అద్దంలో వెనక లారీని చూసుకుంటూ మామూలుగా అడిగింది. "మార్చిలో ఆ రోజు కూడా పచ్చివాసన వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

"మరి ముక్కు పట్టేసిందన్నారు."

"పట్టలేదు పద్మా. అబద్ధం చెప్పాను. నువ్వు బాధపడతావని."

"స్వామికి పచ్చి పులుసు పెట్టించారు నా చేత. పోనీ ఆయన సర్దుకుంటాడు. ముక్కు పోతే పోయిందనుకున్నా, నా చెయ్యి కూడా పాడైందని ఏడు నెలలు ఏడ్చానండీ. ఇంకొక్క పది నిమిషాలు పొయ్యి మీద ఉంచు అంటే సరిపోయేది."

క్షమించమన్నాను. ఆమె కమ్మింగ్ ఎగ్జిట్ తీసుకుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, "వచ్చే శనివారం ఐదింటికి లేవగలరా?" అని అడిగింది. లేస్తానన్నాను. "బాగుంది అన్న మాట వినబడిందంటే గరిట అక్కడే పడేసి వచ్చేస్తా" అంది.

ఇది రాసే వేళకు నాలుగు శనివారాలు గడిచాయి. గుడి వంటింట్లో ఆమె పోస్తుంది, కలుపుతుంది, అడుగుతుంది. నేను బాణలి మీదకు వంగి ఇంకా లేదు, ఇంకా లేదు, ఇప్పుడు పోయింది అని చెబుతాను. రెండోసారి పోపు కాస్త మాడిందని చెబితే మొహం ముడుచుకుని, అంతా పారబోసి, మళ్లీ వేసింది. ఆ రోజు కప్పులన్నీ ఖాళీగా వచ్చాయి. పద్మకు వాసన ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు. ఆమెను కష్టపెట్టకూడదనుకుని ఇన్నేళ్లూ నేను చెప్పిన 'బాగుంది'లలో ఎన్ని ఆమెకు పనికొచ్చాయో ఇప్పుడు లెక్క వేయాలంటే భయంగా ఉంది. నేను నిజం చెప్పినప్పుడు ఆమె మొహంలో కోపం వస్తుంది కానీ, చేతిలో తడబాటు ఉండటం లేదు. ఆ చెయ్యి చూస్తూ నిలబడటం నాకు ఎంత ఇష్టమో ఆమెకు చెప్పాను, అది మాత్రం నిజమే కాబట్టి ఊరుకుంది.

ఈ ప్రయాణం పెట్టుకునేవాళ్లకు ఒక్క సూచన. బ్లెండింగ్‌కు వెళ్లే రోజు సెంటు, ఘాటైన తలనూనె రాసుకోకండి. పక్కవాళ్ల గ్లాసు కూడా పాడవుతుంది. నేనైతే శనివారాలు సెంటు పూర్తిగా మానేశాను. తెల్లవారుజామున బయలుదేరే ముందు పద్మ నా చొక్కా కాలరు పట్టుకుని దగ్గరికి లాక్కుని, తనకేమీ వాసన తెలియదని మరిచిపోయి, వాసన చూస్తుంది.