కుడితి తొట్టిలో గోదావరి దాటిన మా అక్క

మా చిన్నప్పుడు... రేవును వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు మా ఊరి దోనెలన్నిటికీ గొలుసులు చుట్టి తాళాలు వేయించాడు! ఊరంతా తన లాంచీలోనే దాటాలట. అదేమో జనం నిండితే తప్ప కదలదు. అవతలి ఒడ్డున సువార్త అక్కకు ఏడో తరగతి పరీక్ష... ఆలస్యమైతే లోపలికి రానివ్వరు. పరీక్ష పోతే చదువు మాన్పించి మిరపతోటకు పంపుతామని ఇంట్లో ముందే చెప్పేశారు. గోదావరి ఏమన్నా వాడి జాగీరా? ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు మండుతుంది!

అక్క మాత్రం అరవలేదు. నాన్న ఖమ్మం బస్టాండులో కొనిచ్చిన చిన్న పుస్తకం మళ్లీ తీసింది. ఒంటరిగా తెడ్లు వేసుకుంటూ మహాసముద్రాలు దాటిన ఒక సాహసి జీవితం అది. తుఫానులో పడవ తలకిందులైతే తిప్పుకుని మళ్లీ ఎక్కాడట... అరచేతులు బొబ్బలెక్కితే గుడ్డ చుట్టుకుని తెడ్డు పట్టాడట... ఒక సముద్రం దాటి ఇంటికొచ్చి, పడవ బాగుచేసుకుని, ఇంకో సముద్రానికి బయలుదేరాడట! అక్క చదువుతుంటే నేను పొయ్యి ముందు నోరు తెరుచుకుని వినేదాన్ని.

మా కొట్టంలో పశువులకు కుడితి పోసే తొట్టి ఒకటుండేది. నిజానికి అది తాత పాత దోనె! కాంట్రాక్టరు మనుషులు తొట్టే అనుకుని వదిలేశారు. మేం కుడితి పారబోసి, పగులుకు తారు పూసి, పరీక్ష రోజు పొద్దున్నే నీళ్లలోకి ఈడ్చాం.

పుస్తకంలోని బొమ్మలో సాహసి వెళ్లే దిక్కుకు వీపు పెట్టి కూర్చున్నాడు. అక్కా అలాగే కూర్చుంది. మా దగ్గర ముందుకు చూస్తూ నడుపుతారు కదా... తాత పగలబడి నవ్వాడు.

"ఏందే పిల్లా, ఎటు పోతున్నవో చూడకుండ ఎనక్కి కూసున్నవ్! పరీక్ష గూడ గిట్లనే రాస్తవా?"

"సముద్రాలు దాటినోడే గిట్ల కూసున్నడు తాతా. రెండు చేతుల బలం తెడ్ల మీద పడ్తది. దారి చెల్లె చూస్తది. నువ్వు జల్దీ ఎక్కు!"

తాత దోనెలోకి ఊరే నీళ్లను చెంబుతో తోడిపోస్తూ మాతోనే వచ్చాడు. ముందు కూర్చున్న నేను "కుడికి!" అని అరిచాను. వీపులు ఆనించి కూర్చున్నాం... నా కుడి అక్కకు ఎడమ! దోనె వెళ్లి ఇసుక మేట ఎక్కింది. అవతల బడిలో మొదటి గంట కొట్టారు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఏడ్వకే మొద్దూ! నీ కుడి వద్దు, నా కుడి వద్దు. ఎగువకో దిగువకో చెప్పు!" అంది అక్క.

తాత దిగి దోనెను నెట్టాడు. "ఎగువకు... ఎగువకు... ఇగ దిగువకు!" అని గొంతు చించుకున్నాను. ఒడ్డు తగలగానే అక్క తడిసిన పరికిణీతోనే పరుగెత్తింది. రెండో గంటకు బల్ల ముందుంది!

మర్నాడు పరీక్ష పిల్లలంతా మా తొట్టి ముందు వరస కట్టారు. వాళ్ల అమ్మలు రేవులో బైఠాయించి, తాళాలు తీసేదాకా లేవలేదు.

ఇప్పుడు వంతెన వచ్చింది. మంచిదే... కానీ గోదావరి పక్కనే పుట్టిన పిల్లలకు తెడ్డు ఎలా పట్టాలో తెలియదు. ఇలాగే ఊరుకుందామా? అక్క నేర్పుతానంది. వచ్చే ఆదివారం పొద్దున ఆరు గంటలకు పిల్లల్ని తీసుకుని మా రేవుకు రండి. గాలి ట్యూబులు మేం తెస్తాం. మీ ఏటి కబుర్లు కింద రాయండి... ఆరింటికి మాత్రం నీళ్ల దగ్గర ఉండండి!