అరచేతి కింద కన్ను

వరహాలక్ష్మి నర్సీపట్నంలోని కళ్ళద్దాల షాపులో చేరి ఇరవై రెండేళ్ళయింది. చదివింది పదో తరగతి. పని నేర్చింది పాత యజమాని పక్కన నిలబడి. కొండల నుంచి వచ్చేవారిలో చాలామందికి గోడ మీది అక్షరాలు రావు. అందుకని ఒక్కో కన్నునూ అరచేత్తో మూసి, వాళ్ళ పనే వాళ్ళ చేతికిచ్చేది: అడ్డాకుల విస్తళ్ళు కుట్టే మనిషికి ఆకూ పుల్లా, జీడిపప్పు ఏరే మనిషికి గుప్పెడు పప్పు. కుట్టు తిన్నగా పడేవరకు అద్దాలు మార్చేది. ఏ అద్దానికీ లొంగని కన్ను దొరికితే విశాఖలోని కంటి ఆసుపత్రికి పంపేది. అలా కొందరికి చూపు నిలిచింది.

పాత యజమాని కొడుకు రాజుబాబు మిషన్ తెచ్చాడు. గడ్డం ఆనించి లోపలి బొమ్మను చూస్తే చాలు, నంబరు చీటీ మీద వచ్చేస్తుంది.

"ఇక నీ నోటికి సెలవు పిన్నీ. ఇది బాగుందా, అది బాగుందా అని అడిగి అడిగి అరిగిపోనాది," అన్నాడు.

ఆమెకూ నవ్వొచ్చింది. చీటీ మీది నంబరు చాలావరకు తన నంబరుతో సరిపోయేది కూడా. మెల్లగా అరచెయ్యి అడ్డం పెట్టడం మానేసింది.

నిరుడు చింతపండు రోజుల్లో సోమలమ్మ వచ్చింది. విస్తళ్ళు కుట్టి బతికే మనిషి. చూపు పోతే కూడు పోయినట్టే.

"అడివిలో నడస్తంటే ఎడం పక్క కొమ్మలు మొకానికి తగులుతున్నాయి అద్దాలమ్మా," అంది.

బెంచీ మీద ఇంకా పదిమంది ఉన్నారు. మిషన్ రెండు కళ్ళకూ నంబరు శుభ్రంగా ఇచ్చింది.

"అద్దాలు పెడితే అన్నీ సర్దుకుంటాయిలే అప్పా," అని వరహాలక్ష్మి పంపించేసింది.

ఈ ఏడు సోమలమ్మ గుమ్మం తడుముకుంటూ వచ్చింది. నుదుట ఎండిన గాయం.

"అద్దాలు పన్జెయ్యట్లేదమ్మా. కుట్టు వంకర పోతంది. బేగి మార్సీయి."

మిషన్ చీటీ ఇచ్చింది. నిరుటి నంబరే.

"మిషన్ తప్పేటీ లేదు పిన్నీ," అన్నాడు రాజుబాబు.

నిజమే. మిషన్ అద్దం నంబరు చెబుతుంది. కంటికి చూపుందో లేదో చెప్పదు. ఆ సంగతి ఆ షాపులో తెలిసినది వరహాలక్ష్మి ఒక్కతికే.

ఆమె ఆకూ పుల్లా సోమలమ్మ చేతిలో పెట్టింది. ఎన్నాళ్ళకో అరచెయ్యి చాచి కుడికన్ను మూసింది. రెండో చెయ్యి తన ఒళ్ళోనే ఉంది.

పుల్ల ఆకు మీద ఆగిపోయింది. సోమలమ్మ నవ్వింది.

"ఇదేటి అద్దాలమ్మా, రెండు కళ్ళూ మూసేస్తే ఎలా కుట్టీది?"