పుస్తకాల్లో ఎండుద్రాక్ష

మా పేటలోని గ్రంథాలయంలోకి మా పక్కింటి సనోబర్ ఖాలాను, అంటే పిన్నిని, మొదటిసారి చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది నేనే. మా ఫెర్గానా నుంచి ఆమె ఫిన్లాండు వచ్చిన కొత్తలు అవి. ఎవరూ పిలవకుండా ఒకరింట్లోకి ఎలా వెళ్తామని గుమ్మంలోనే నిలబడిపోయింది, పిచ్చి తల్లి!

ఆ తర్వాత ఆమెను అక్కడినుంచి కదిలించడం ఎవరి తరం కాలేదు. ఇంట్లో ఉన్న మనవడితోపాటు పిల్లల బొమ్మల పుస్తకాలు కూడబలుక్కుని చదివేది. కొత్తగా వచ్చినవాళ్లకు ఫిన్నిష్ మాటలు నేర్పడానికి ఇర్మెలీ అనే అక్కడి ఉద్యోగిని మంగళవారాలు కూర్చుంటుంది. ఖాలా అందరికంటే ముందుండేది. ఆమె భర్త తుర్సున్ ఎన్నో ఏళ్లుగా ఇక్కడ బస్సు నడుపుతున్నాడు. ఇన్నాళ్లూ ఖాలాకు నోరు ఆయనే. "మనవడి పుస్తకాలు చదివి మంత్రిగిరీ వెలగబెడతావా?" అని దెప్పేవాడు. మగమహారాజు మరి!

పుస్తకాల వాపసు పని నాదే. ఒకసారి మాత్రం ఖాలా తానే వెళ్లింది. మా ఊళ్లలో ఇరుగింటి గిన్నె ఖాళీగా తిరిగివ్వం. అందుకని ఒక్కో పుస్తకంలో గుప్పెడేసి ఎండుద్రాక్ష పెట్టి, వాపసు పెట్టెలో వేసి వచ్చింది. లోపల పుస్తకాలు మోసుకెళ్లే యంత్రంలో ద్రాక్ష నలిగి, బంకలా అంటుకుని, యంత్రం కాస్తా ఆగిపోయింది.

మర్నాడు గ్రంథాలయానికి రమ్మని కబురొచ్చింది. ఖాలా ముద్ద ముట్టలేదు. "కార్డు లాగేసుకుంటారేమోనే. అక్కడికి పోకపోతే నాకు మళ్లీ ఈ నాలుగు గోడలే గతి" అని ఏడ్చింది.

ఖాలా, తుర్సున్, నేను ముగ్గురం వెళ్లాం. ఇర్మెలీ మరకలు పడ్డ పుస్తకాలు ముందు పెట్టి, ఎవరు చేశారని అడిగింది. తుర్సున్ పెళ్లాంతో ఒక్క మాటైనా చెప్పకుండా, ఇది మనవడి అల్లరి, ఈవిడకేమీ తెలియదని ఫిన్నిష్‌లో గడగడా అప్పజెప్పాడు. ఖాలాకు అర్థమయింది. భర్త చెయ్యి పక్కకు నెట్టి, ఆ భాషలోనే ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది.

"మనవడు కాదమ్మా. నేనే పెట్టాను. తీసుకున్నది ఉత్తగా తిరిగిస్తే మాకు తప్పు."

కార్డు పోతే పోయింది గానీ, పసివాడి మీద నింద వేసి దాన్ని నిలబెట్టుకోనంది!

ఇర్మెలీ, ద్రాక్ష ఈసారి నా చేతికివ్వండి, యంత్రానికి పళ్లు లేవని నవ్వి, ఖాలా బల్ల మీద పెట్టిన కార్డును తిరిగి ఆమె వైపే జరిపింది. ఆ పైన తుర్సున్‌కేసి తిరిగింది.

"ఇకనుంచి మీరు తోడు రానక్కర్లేదండీ. మేమిద్దరం మాట్లాడుకుంటాం."

ఆయన ముఖం మాడిన రొట్టెలా అయింది. ఖాలా అది చూడనే లేదు. వచ్చే మంగళవారం ఎన్నింటికి రావాలో ఇర్మెలీని అడుగుతోంది.