రెండు గంపలూ నావే

ఈ మాటలు నేను ఎప్పుడో రాసి ఉండవలసింది. రాయకపోవడానికి కారణం ఒక్కటే, అప్పట్లో నాకు అక్షరాలు రావు. చదువుకునే వయసులో పుంగనూరు సంతలో మా అమ్మ పక్కన బొరుగుల గంపకు కాపలా కూర్చున్నాను. పెళ్లయ్యాక మదనపల్లె బస్టాండు దగ్గర మా ఆయన పెట్టిన, మురుకులూ మిక్చరూ అమ్మే కారాల అంగట్లో నూనె బాండలి ముందు కూర్చున్నాను. ఆయన పోయిన తర్వాత ఆ బాండలి ముందు నుంచి లేవడానికి వీలే లేకపోయింది. చివరికి మా చర్చి అయ్యగారి భార్య బుధవారం మధ్యాహ్నాలు ఆడవాళ్లను వరండాలో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పడం మొదలుపెట్టినప్పుడు, మోకాళ్లు పట్టుకుంటూ వెళ్లి కూర్చున్నవాళ్లలో నేనే అందరికన్నా పెద్దదాన్ని. నా అంతట నేను మొదట చదివిన మాట బైబిల్లోది కాదు, బస్టాండులోంచి బయటికి వస్తున్న బస్సు మీద ఉన్న 'పుంగనూరు' అన్న మాట. చదివినదాన్ని చదివినట్టు పైకి అరిచేశాను, ఆ బస్సు కోసమే పరుగెత్తుతున్నానేమో అనుకుని కండక్టరు బస్సు ఆపించాడు కూడా.

అప్పటి నుంచి పొట్లాలకు చించుకునే పాత పేపర్లన్నీ చదివిన తర్వాతే చించడం అలవాటైంది. మొన్న బేరం లేని ఒక మధ్యాహ్నం అలాంటి కాగితమే ఒకటి చేతికి వచ్చింది. ఈ మధ్య మారిన పన్నుల గురించి అందులో వరసగా రాశారు. జీతగాళ్లకు ఆదాయపు పన్నులో వచ్చిన వెసులుబాటు, పాత ఇల్లు అమ్ముకునేవాళ్లు రెండు రకాల లెక్కల్లో తమకు ఏది తక్కువైతే ఆ పన్ను కట్టుకోవచ్చన్న సంగతి, ఆ కిందనే మురుకులు, మిక్చరు లాంటి వాటి మీద జీఎస్టీ తగ్గిందన్న సంగతి. ఇవేవీ నాకు కొత్త కాదు. మా అంగడికి వచ్చే మేష్టరు ఒకాయన జీతంలో పన్ను కోత తప్పిందని ఆ నెల మిక్చరు అరకిలో ఎక్కువ కట్టించుకున్నాడు. ఆయన బావమరిది మాత్రం ఇల్లు అమ్మితే ఏ లెక్క మేలో తేల్చుకోలేక, నా బల్ల మీద వేలితో కూడికలు వేస్తూ నా బొరుగులన్నీ తినేశాడు. ఎవరి సంతోషం వాళ్లది, ఎవరి దిగులు వాళ్లది. నేను మాత్రం ఆ కాగితాన్ని పొట్లం చుట్టలేక చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుండిపోయాను. నాకు అక్షరాలు వచ్చినట్టే, ఆ తగ్గింపు కూడా నా దాకా వచ్చేసరికి ఆలస్యమైపోయింది. ఇప్పుడు నా పక్క జాగా ఖాళీగా ఉంది.

ఆ జాగా అక్కది. అక్క అంటే తోడబుట్టింది కాదు. పుంగనూరు సంతలో మా అమ్మ బొరుగులు పెట్టుకుంటే, వాళ్లమ్మ పక్కనే ఆకుకూరలూ అనపకాయలూ పెట్టుకునేది. ఆ రెండు గంపల మధ్య ధూళిలో మేమిద్దరం పెరిగాం. నేను పెళ్లి చేసుకుని మదనపల్లెకు వస్తే, కొన్నేళ్లకు ఆమె కూడా భర్తను పోగొట్టుకుని, ఒక్క కూతురిని చంకనేసుకుని వచ్చి, నా అంగడి పక్కనే గోనెసంచి పరచుకుని కూరగాయలు పెట్టుకుంది. ఆ కూతురిని తర్వాత కుప్పంలో ఇచ్చింది. అక్క నోరు పెద్దది, మనసు అంతకన్నా పెద్దది. నేను పలక పట్టుకుని చర్చికి బయలుదేరితే బజారంతా వినేట్టు అరిచేది.

"ఏం మే, ముసలితనంలో కలెక్టరు పనికి పోతాండావా? పొయ్యేముందర నాకు రెండు మురుకులిచ్చి పో, రేపు నువ్వు జీపెక్కితే నన్ను సూస్తావో సూడవో!"

సంత రోజులు చూసినవాళ్లకు గేటు అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. ఇప్పటి పిల్లలకు పన్ను అంటే ఫోనులో కనబడేది, మాకు పన్ను అంటే సంత మొదట్లో తోలుసంచి భుజాన వేసుకుని నిలబడిన ఒక మనిషి. గంపకు ఇంత అని గేటు కట్టనిదే ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. అక్క వాళ్లమ్మ దగ్గర అమ్మకం కాకముందు ఆ చిల్లర కూడా ఉండేది కాదు చాలా సంతలకు. ఆయన గంపను కాలితో తాకి, "ఎవురిది ఈ గంప?" అనేవాడు. వాళ్లమ్మ తల వంచుకునేది. అప్పుడు మా అమ్మ కూర్చున్నచోటి నుంచే చెయ్యి పైకెత్తి, "రెండు గంపలూ నావే అప్పా" అనేది. ఆకుకూరల గంప బొరుగులమ్మేదానిది కాదని ఆయనకు తెలియకపోదు, అయినా రెండింటికీ తీసుకుని వెళ్లిపోయేవాడు. పొద్దు వాలాక వాళ్లమ్మ ఇచ్చిన రోజు ఇచ్చేది, ఇవ్వని రోజు మా అమ్మ అడిగేది కాదు. ఇదేదో పెద్ద ఉపకారమని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. పక్కపక్కన కూర్చున్నాక అంతే కదా అనుకునేవాళ్లం.

ఆ అలవాటే మాకు వచ్చింది. అందరూ ఫోనుతో డబ్బులిచ్చే రోజులు వచ్చేసరికి అక్క దగ్గర ఉన్నది బొత్తాల ఫోను, బ్యాంకులో ఉన్నది వితంతు పింఛను పడే ఖాతా. స్కానరు లేదంటే కూరలకు వచ్చినవాళ్లు వెనక్కి తిరిగి పోతున్నారు. ఇద్దరికీ నా స్కానరే చాలులే అన్నాను. నా అంగడి కంబానికి కట్టిన అట్టకే ఆమె బేరగాళ్లూ ఫోను చూపించేవాళ్లు. డబ్బు పడిందని పక్కనున్న చిన్న పెట్టె పైకి చెప్పేది. చెప్పగానే అది తనదైతే అక్క చెయ్యెత్తేది, నాదైతే నేను ఎత్తేదాన్ని. ఎప్పుడైనా ఇద్దరం కలిసి ఎత్తితే బేరగాళ్లు నవ్వేవాళ్లు. "సూడు మే, పెట్టె కూడా నీకే పిలుపులు పిలస్తాండాది, నా పేరు ఒక్కతూరి చెప్పదే" అని అక్క ఆ పెట్టెతో పోట్లాడేది. దీపాలు పెట్టే వేళకు ఆమెది ఆమె చేతిలో పెట్టేసేదాన్ని. కొన్నేళ్లు ఇలాగే నడిచింది. తప్పు చేస్తున్నామన్న ఆలోచన ఇద్దరిలో ఒక్కరికీ రాలేదు.

పన్నుల ఆఫీసు నుంచి నోటీసు వచ్చిన రోజు నేనే చదువుకున్నాను. అక్షరాలు నేర్చుకున్నందుకు మొదటిసారి బాధపడ్డది ఆ రోజే. నా ఖాతాలో పడిన మొత్తం చూస్తే అమ్మకం హద్దు దాటింది, రిజిస్టరు ఎందుకు చేసుకోలేదో చెప్పుకోండి అని దాని సారాంశం. ఆడిటరు దగ్గరికి వెళితే ఆయన ఓపికగా విని, ఇందులో నా కారాల వాటా వేరుగా తీస్తే హద్దు లోపలే ఉంటుందని, కూరగాయల మీద అసలు పన్నే లేదని చెప్పాడు. అక్క వచ్చి కూరల డబ్బు నాది అని ఒక్క మాట చెబితే ఇద్దరికీ ఏమీ ఉండదన్నాడు. రాకపోతే మాత్రం మొత్తం నా వ్యాపారమే అవుతుంది. అలా అయితే కూరల మీద పన్ను ఉండదు గానీ నా కారాల మీద కట్టాలి, అదీ అప్పట్లో ఉన్న ఎక్కువ రేటుతో, వడ్డీతో, జరిమానాతో. ఇప్పుడు రేటు తగ్గింది కదా అని అడిగాను. తగ్గింది ఇప్పుడమ్మా, మీరు అమ్మింది అప్పుడు కదా అన్నాడు.

తేలిగ్గా ఉన్న మనసుతో వెళ్లి అక్కతో చెప్పాను. ఆమె తక్కెట్లో వంకాయలు వేస్తున్నది వేస్తున్నట్టే ఆగిపోయింది. ఆ రోజంతా పెట్టె చెప్పినా చెయ్యెత్తలేదు. మర్నాడు ఆమె జాగాలో గోనెసంచి లేదు. కుప్పంలో కూతురి దగ్గరికి పోయిందని ఎదురు పూల అంగడామె చెప్పింది.

ఆఫీసు గడువు దగ్గరపడ్డాక ఆగలేక నేనూ కుప్పం బస్సెక్కాను. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి తొంగి చూశాను. దిగిపోయి సంత జాగా దాకా వెళ్లి, మా రెండు గంపలు ఉండిన చోట కాసేపు నిలబడి రావాలనిపించింది. ఏ చోటో గుర్తు పట్టగలనో లేదో. అంతలో బస్సు కదిలింది. పలమనేరు దాటేదాకా, ఆమెను ఎలా అడగాలా అని మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను.

అక్క తన కూతురి ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి లేవబోయి మళ్లీ కూర్చుంది. కూతురు మాత్రం "రా చిన్నమ్మా" అని చాప వేసి, మజ్జిగ తెస్తానని లోపలికి పోయింది.

"ఆఫీసుకు పిలుసుకోని పోయేదానికైతే ఈడికి యాల వచ్చినావు మే?" అంది అక్క, తల ఎత్తకుండా.

"కూరగాయలకు పన్నే లేదంట అక్కా. ఒక్క మాట చెప్తే సాలంట."

"పన్ను లేదు, సరే. నా పేరు రాసుకుంటారా లేదా?"

"రాసుకుంటారు."

"ఒక ఆఫీసులో పేరు రాసుకుంటే ఇంకో ఆఫీసుకు తెలీకుండా ఉంటాదా? ఇంత యాపారం ఉండాది నీకు పింఛను యాల, బియ్యం కార్డు యాల అంటారు. అవి పోతే నా షుగరు మందులు ఎవురు తెస్తారు? మందుబిళ్లకు కూడా అల్లుని మొగం సూస్తా కూసోవాల్నా నేను?"

అలాగేమీ జరగదని ఆడిటరు చెప్పలేదు, నేను అడగనూ లేదు.

"నేను సచ్చిపోయినానని చెప్పేయి మే" అంది. "సచ్చినోళ్లను ఎవురూ పిలవరు గదా."

ఎప్పుడూ నవ్వులాటగా మాట్లాడే మనిషి, ఈ మాట కూడా నవ్వుతూ అనబోయింది గానీ నవ్వు రాలేదు. కూతురు మజ్జిగ తెచ్చింది. తాగాను. ఇద్దరం కాసేపు చింతగింజలు తీశాం, చిన్నప్పుడు అమ్మల పక్కన కూర్చుని తీసినట్టే. నేను ఆమెను మళ్లీ అడగలేదు. వచ్చేటప్పుడు బస్సు దాకా వస్తుందేమోనని వెనక్కి చూశాను. ఆమె గింజలే చూస్తోంది.

అక్షరాలు వచ్చిన కొత్తలో నా పేరు ఎక్కడ రాసినా నాకు సంబరంగా ఉండేది. బియ్యపు పిండి జల్లించేటప్పుడు కూడా పిండిలో వేలితో రాసుకునేదాన్ని. పేరు కాగితం మీదికి ఎక్కడమంటే ఇంత భయపడే మనుషులు ఉంటారని, ఆ భయం ఉత్తిది కాదని నాకు ఆ బస్సులో కూర్చున్నాకే తెలిసింది.

మరుసటి సోమవారం ఆడిటరుతో కలిసి ఆఫీసుకు వెళ్లాను. అక్కడ ఉన్న మేడం నాకు కూతురి వయసుది. కుర్చీ వేయించి, మంచినీళ్లిప్పించి, ఈ డబ్బులో వేరేవాళ్లది ఏమైనా ఉందా అమ్మా, ఉంటే ఇప్పుడే చెప్పండి, తొందరేం లేదు అని మర్యాదగానే అడిగింది. ఆడిటరు నా వైపు చూశాడు. కారాలూ నావే, కూరలూ నావే అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, వేలిముద్ర వెయ్యనక్కర్లేదు, ఈమెకు సంతకం వచ్చు అని మాత్రం అన్నాడు. రాశాను. ఇంటి పేరుతో సహా రాశాను.

రేకుల అంగడికి గట్టి కప్పు వేయించాలని ఏళ్లుగా కట్టిన చీటీ డబ్బు ఆ లెక్కకు సరిపోయింది. వాన పడితే ఇప్పటికీ బాండలి పక్కన గిన్నె పెట్టుకుంటాను, దానికి నాకు దిగులు లేదు. ఇకమీదట రేటు తక్కువేనట, బిల్లులు పెట్టుకోవడం కూడా నేర్చుకుంటున్నాను. చట్టం మంచిదా చెడ్డదా అని చెప్పేంత చదువు నాది కాదు, తగ్గించినవాళ్లు మా మంచికే తగ్గించి ఉంటారు. కానీ మా అమ్మ కాలంలో తోలుసంచి మనిషికి రెండు గంపల వెనక ఇద్దరు మనుషులు కనబడేవాళ్లు, కనబడినా ఒకరి మాట నమ్మినట్టు నటించేవాడు. ఇప్పుడు పెట్టెకు ఒక పేరే తెలుసు. అది ఎవరినీ మోసం చెయ్యదు, ఎవరి కోసమూ చూసీచూడనట్టు పోదు. పక్కపక్కన కూర్చునే వాళ్ల మధ్య పనులు ఇక ఎలా నడుస్తాయో నాకు తెలియడం లేదు. పైసా తేడా లేకుండా నడుస్తాయేమో. అక్క కూతురికి ఫోను చేసి, అంతా అయిపోయింది, మీ అమ్మ పేరు ఎక్కడా లేదని చెప్పమ్మా అన్నాను. చెబుతానంది. వెనక నుంచి అక్క దగ్గు వినబడింది.

సంతకం పెట్టి వచ్చిన మరుసటి రోజు తెల్లవారుతూనే అంగడి తీశాను. నా ముందు ఊడ్చుకున్నాక అక్క జాగా కూడా ఊడ్చి, నీళ్లు చల్లి, మా ఇంట్లో ఉన్న గోనెసంచి ఒకటి తెచ్చి పరిచాను. ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. బి.కొత్తకోట నుంచి టమాటా బుట్టలతో వచ్చిన ఒకామె అక్కడ దించుకోవచ్చునా అన్నట్టు నిలబడి చూస్తోంది. అంతలో జాగా రుసుం వసూలు చేసే మనిషి రసీదు పుస్తకంతో వచ్చాడు. ఖాళీ సంచి వైపు చూసి, "ఈ జాగా ఎవురిది?" అన్నాడు.

నేను కూర్చున్నచోటి నుంచే చెయ్యెత్తాను.